తూకానికి తూకం

మా దుకాణానికి వచ్చేవాళ్ళు రెండు రకాలు. స్టూలు మీద కూర్చునేవాళ్ళు, కూర్చోనివాళ్ళు. పాత పరుపు తెచ్చి "మా దూది మాకే కావాలి" అనేవాళ్ళు మిషన్ పక్కన స్టూలేసుకుని, ముక్కుకి కొంగో రుమాలో అడ్డం పెట్టుకుని, తమ దూది ఏకడం అయ్యేదాకా కాపలా కాస్తారు. పక్కవాళ్ళ దూది పిసరంత కలిసినా ఒప్పుకోరు. అంత ఓపిక లేనివాళ్ళు తూకానికి తూకం ఇచ్చి పోతారు. పరుపు విప్పి, దూది కాటా మీద పెట్టి, బరువు చూసుకుని వెనక గదిలో పోసేస్తాం. అంతే బరువు దూది ఆ గదిలోంచే తీసి, ఏకి, కొత్త గుడ్డలో కుట్టి ఇస్తాం. ఎవరి దూది ఎవరింటికి పోయిందో ఇచ్చినవాళ్ళకీ తెలియదు, పుచ్చుకున్నవాళ్ళకీ తెలియదు. కుట్టే మాకు అసలే తెలియదు.

సికింద్రాబాద్ మోండా మార్కెట్ వెనక సందులో మా నాన్న వీరయ్య ఈ పని షురూ చేసినప్పుడు విల్లుతో ఏకేవాడు. ఇప్పుడు మిషన్ ఉంది, నేనున్నాను. నా పేరు కల్పలత. డిగ్రీలో ఫిజిక్స్ చదివి పరుపులు కుట్టుకుంటున్నానని మా చుట్టాలు ఇప్పటికీ జాలిపడుతుంటారు. ఆ జాలేదో వాళ్ళే దాచుకుంటే బాగుంటుంది. నాకు ఫిజిక్స్ చెప్పిన పద్మనాభం సార్ మాత్రం ఒక్కసారి కూడా జాలిపడలేదు. "దూది దగ్గరుంటే భౌతికశాస్త్రం దగ్గరున్నట్టేనమ్మా" అనేవారు. ఆ మాట ఆయన మెడకే చుట్టుకుంది, అది తరవాత చెబుతాను.

సార్‌ది కాకినాడ దగ్గర పల్లె. ఉద్యోగం దొరికి సికింద్రాబాద్ వచ్చి, మారేడ్‌పల్లిలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, ఆ ఇంట్లోనే ముసలివారయ్యారు. పిల్లలు లేరు. భార్య సుబ్బులు గారు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో సార్‌కి తెలియదు గానీ, నక్షత్రం ఎప్పుడు కుప్పకూలుతుందో తెలుసు. కాలేజీలో చెప్పే పాఠాలు చాలనట్టు, ఆదివారాలు మారేడ్‌పల్లిలో ఒక లైబ్రరీ హాల్లో తెలుగులో సైన్సు ఉపన్యాసాలిచ్చేవారు. ఫ్యాను గాలి కోసం వచ్చే రిటైర్డ్ మనుషులు కొందరు, మాలాంటి పాత స్టూడెంట్లు కొందరు, వెనక వరసలో చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ సుబ్బులు గారు. అంతే సభ.

ఒక ఆదివారం కృష్ణబిలాల గురించి, అదే పడినదేదీ బయటికి రాని బ్లాక్‌హోల్స్ గురించి చెప్పారు.

"బయట నిలబడి దాని గురించి మనం చెప్పగలిగినవి మూడే మూడు. దాని బరువెంత, అది తిరిగే జోరెంత, దాని మీద విద్యుదావేశం ఎంత. అంతకు మించి ఏమీ తెలియదు. పుస్తకాల బండి పడిందా, రాళ్ళ బండి పడిందా అంటే చెప్పలేం. రెండూ ఒకే బరువైతే రెండూ ఒకటే."

నాకు ఆగలేదు. "సార్, అది మా దుకాణం వెనక గదే" అన్నాను. హాలంతా నవ్వింది. సార్ నవ్వలేదు. చాక్‌పీసు పట్టుకుని కాసేపు ఆలోచించి, "అవును, అచ్చం అదే" అన్నారు. ఆ తరవాతి వారం మా దుకాణానికి వచ్చి వెనక గది తలుపు తీయించుకుని చూసి మరీ వెళ్ళారు. అప్పట్నుంచీ ఏ ఉపన్యాసంలోనైనా ఎంట్రొపీ మాట వస్తే వీరయ్య దుకాణం రావాల్సిందే.

"పరుపులో ఉన్న దూదిని అటూ ఇటూ మార్చడానికి దారులు కొన్నే ఉంటాయి. వీరయ్య గదిలో కలిశాక, ఆ దూది ఎన్ని రకాలుగా ఉండగలదో లెక్కపెట్టడం మన తరం కాదు. ఆ రకాల లెక్కే ఎంట్రొపీ. అది పెరగడమే గానీ తనంతట తాను తగ్గడం ఉండదు. కృష్ణబిలం ఉంది చూశారూ, పైకి ఎంతో నున్నగా, శుభ్రంగా కనిపిస్తుంది. కానీ ఆ లెక్కలో దాన్ని మించింది లేదు."

ఆ మీదట అసలు తంటా చెప్పారు. కాగితం కాల్చినా అందులో రాసింది నిజానికి పోదట. పొగ, బూడిద, వేడి, వెలుతురు, ఒక్కటీ వదలకుండా పోగుచేయగలిగితే మళ్ళీ చదవొచ్చట. మనకు చేతకాదు, అది వేరే సంగతి. ప్రకృతి మాత్రం ఏదీ మరిచిపోదు. కానీ కృష్ణబిలం సన్నటి వేడి చిమ్ముతూ చిమ్ముతూ, లెక్కకందనన్ని ఏళ్ళకి కరిగి మాయమైపోతుంది. ఆ వేడిలో లోపల పడినవాటి కబురు ఒక్కటీ లేదని మొదటి లెక్కల్లో తేలింది. మరి ఆ కబుర్లన్నీ ఏమైనట్టు?

వెనక వరసలోంచి సుబ్బులు గారు చిక్కుడుకాయ పక్కన పెట్టి అడిగారు. "ఇంతకీ పోయినట్టా, ఉన్నట్టా అండీ?"

"అదే తేలట్లేదు సుబ్బులూ."

"తేలాక చెప్పండి. కూరకి ఆలస్యమవుతోంది" అని ఆవిడ లేచి వెళ్ళిపోయారు.

సుబ్బులు గారి గురించి ఒక్కటి చెబితే చాలు. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి పరుపు మీద ఆవిడ పడుకున్న రోజులు తక్కువ. ఊరినుంచి ఎవరొచ్చినా, పరీక్షలకి వచ్చిన పిల్లలు ఎవరు దిగినా, పరుపు వాళ్ళకి పరిచి తను చాప మీద పడుకునేవారు. నేనూ ఒకసారి పడుకున్నాను. ప్రాక్టికల్స్ ముందు రోజు సార్‌ని డౌట్లు అడగడానికి వెళ్ళాను. కుండపోత వాన, మా సందంతా నీళ్ళు. "ఇంత వానలో ఎక్కడికే" అని కూర్చోబెట్టి అన్నం పెట్టి, ఆ పరుపు మీద పడుకోబెట్టారు. ఒకటే వట్టివేళ్ళ వాసన. కాకినాడనుంచి తెప్పించుకుని, చిన్న చిన్న కట్టలు కట్టి, పరుపు కుట్టేటప్పుడే దూది మధ్యలో పెట్టించారట. నా జన్మలో అంత మంచి నిద్ర పోలేదు. మరునాడు ప్రాక్టికల్స్‌కి ఆలస్యమై సార్ చేతే చీవాట్లు తిన్నాను.

కిందటేడు చలికాలంలో సుబ్బులు గారు పోయారు. నిద్రలోనే, ఆ పరుపు మీదే. మనిషి పోయిన పరుపు ఇంట్లో ఉంచకూడదని అందరికీ తెలిసిందే. శ్మశానం దగ్గర ఇచ్చేయాలి, లేదా ఊరవతల పారేయాలి. చుట్టాలు అడిగితే "ఇచ్చేశాను" అన్నారట సార్. ఇవ్వలేదు. సామాన్ల గదిలో తలుపు వెనక దాచుకున్నారు. అబద్ధం ఆడటం ఆయనకి చేతకాదని మేమంతా అనుకునేవాళ్ళం. అవసరం వస్తే బాగానే ఆడారు.

వానలు మొదలయ్యాక ఆ పరుపు తేమ పట్టి ముక్కవాసన రావడం మొదలైంది. సార్ దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని మా దుకాణానికి తెచ్చారు. ఆ పూట నేను గుడ్డ కొనడానికి రాణిగంజ్ వెళ్ళాను. నాన్న అందరినీ అడిగినట్టే అడిగాడు.

"సొంత దూదా సార్, తూకానికి తూకమా?"

సొంత దూది అంటే స్టూలు మీద కూర్చోవాలి. కూర్చుంటే ఎవరి పరుపు, ఏమిటి కథ అని మాటల్లో వస్తుంది. మనిషి పోయిన పరుపని తెలిస్తే వీరయ్య మిషన్ మీద వేయడేమోనని సార్ భయం. దానికి తోడు జీవితమంతా నమ్మిన మాట ఒకటుంది. ఒక ఎలక్ట్రాన్‌కీ ఇంకో ఎలక్ట్రాన్‌కీ తేడా లేదు, వాటికి పేరూ ఊరూ ఉండవు అని ఎన్ని తరగతుల్లో చెప్పారో. ఆ ధైర్యంతో, "తూకమే చాలు వీరయ్యా. దూది దూదే కదా" అనేసి వెళ్ళిపోయారు.

నేను తిరిగొచ్చేసరికి దుకాణమంతా సన్నగా వట్టివేళ్ళ వాసన. "ఎవరిది నాన్నా?" అన్నాను. "పద్మనాభం సార్‌ది. పాత పరుపంట. ఖస్ గడ్డి గిట్ల పెట్టిండ్రు లోపల, అంత పొడి పొడి అయ్యింది" అన్నాడు. అప్పటికే దూది గదిలోకి పోయింది.

కొత్త పరుపు కుట్టి పంపించాం. మెత్తగా, ఎత్తుగా, తూకం సరిగ్గా కుదిరిన పరుపు. రెండు రోజులకి పొద్దున్నే దుకాణం తెరుస్తుంటే సార్ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. గొడుగు ఉంది, చెప్పులు రెండూ రెండు రకాలు.

"అమ్మాయ్, నా దూది ఏది?"

"మీ పరుపు పంపిస్తిమి కదా సార్."

"అది నాది కాదమ్మా. నా దూది."

అప్పుడు చెప్పారు, సుబ్బులు గారు ఆ పరుపు మీదే పోయారని. చెప్పి, తిట్లు తినడానికి సిద్ధపడ్డవాడిలా నాన్న ముందు తల వంచుకున్నారు. నాన్న తిట్టలేదు.

"సార్, ఈ పట్నంల మనిషి పోని పరుపు ఎక్కడున్నది? అందరు పాత పరుపనే తెస్తరు. మేము సుత అడగం. అడిగితే ఏ పరుపు ఏకాలె?"

నాకు మాత్రం కోపం ఆగలేదు. "గింత చదువు చెప్పిండ్రు మాకు. ఒక్క మాట చెప్తే ఏమయితుండె సార్? పక్కకు పెడుతుంటిమి కదా" అన్నాను. గొంతు కూడా లేచింది. ఆయన దాచినందుకు కాదు, ఆ వాసన నాకూ కావాలనిపించింది, అందుకు.

సార్ నన్ను దాటి లోపలికి నడిచారు. వెనక గది తలుపు తీసి, వద్దంటున్నా వినకుండా దూదిలోకి దిగారు. నడుం దాకా మునిగి, గుప్పెళ్ళతో తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, పక్కన పడేసి, మళ్ళీ ఇంకో గుప్పెడు. పాత దూదంతా ఒకటే రంగు, మాసిన బూడిద రంగు. మేము పైనుంచి పోసేటప్పుడు కర్రలతో కెలికి తొక్కుతాం, లేకపోతే గది చాలదు. తుమ్ములు పట్టుకుని, జుట్టు నిండా దూదితో, చివరికి నాన్న చెయ్యి పట్టుకుని బయటికొచ్చారు.

"ఎంట్రొపీ అని బోర్డు మీద రాయడం సులువేనమ్మా" అన్నారు. ఆయన్ని ఆ స్థితిలో చూసి నాకు ఏడుపొచ్చింది.

నేనే దారి చెప్పాను. మా గదికి దూది పై కిటికీలోంచి పోస్తాం, ఏకడానికి కింద తలుపులోంచి తీస్తాం. ఇవాళ పోసింది కిందికి దిగడానికి నెలలు పడుతుంది. వట్టివేళ్ళు దూదిలా మెత్తబడవు. ఎంత పొడి అయినా మిషన్ పళ్ళ కింద పెట్టిన తట్టలో రాలతాయి. తట్టలో వట్టివేరు పడిన రోజున, మిషన్ మీద ఉన్న దూదిలో సుబ్బులు గారి దూది ఉన్నట్టు. ఆ రోజు మిషన్ ఆపి ఫోన్ చేస్తానన్నాను.

సార్ ముఖంలో కాస్త ప్రాణం వచ్చింది.

అప్పట్నుంచీ ప్రతి శనివారం వచ్చేవారు. స్టూలు మీద కూర్చునేవారు కాదు, అది దూది సొంతదారులదని. గుమ్మంలో నిలబడి, "ఏమన్నా రాలిందా?" అని అడిగేవారు. లేదనేదాన్ని. చాయ్ తాగి వెళ్ళిపోయేవారు. వానలు వెనకబట్టాయి, దసరా వెళ్ళింది, చలి మొదలైంది. తట్టలో పత్తి గింజలు, గుండీలు, ఒకసారి ఎవరిదో చెవి పోగు. వట్టివేరు మాత్రం లేదు.

"ఇక రాదేమో సార్" అన్నాను ఒక శనివారం.

"అలా అనకు. ఈ మధ్య కొన్నేళ్ళుగా కొత్త లెక్కలు వచ్చాయి. కృష్ణబిలం చిమ్మే వేడిలో మొదట్లో ఏ కబురూ ఉండదు. ఎంత వెతికినా అంతా గందరగోళంలాగే ఉంటుంది. సగానికి సగం కరిగాక అప్పుడు మొదలవుతుంది, ముందు బయటికి పోయిన వేడికీ ఇప్పుడు వచ్చేదానికీ పొత్తు కలవడం. కబురు బయటికి వస్తుందనే ఇప్పుడు చాలామంది అంటున్నారు. ఎలా వస్తుందో ఇంకా పూర్తిగా తేలలేదు. నీ గది ఇంకా సగం ఖాళీ కాలేదు."

"మిమ్మల్ని మీరే సముదాయించుకుంటున్నరు సార్."

"కావచ్చు. అయినా లెక్క మాత్రం నిజమే."

ఒకరోజు ఆ దారిన పనుండి ఆయన ఇంటికి వెళ్ళాను. మేము కుట్టిచ్చిన పరుపు చుట్టి, తాడు కట్టి, గోడకి నిలబెట్టి ఉంది. సార్ చాప మీద పడుకుంటున్నారు. మోకాళ్ళు పట్టేసి, లేవడానికి గోడ పట్టుకోవలసి వస్తోంది.

"గిదేంది సార్, పరుపు పెట్టుకుని తక్లీఫ్ పడుడు?"

"అదెవరిదో ఏమో అమ్మాయ్. దాని మీద నాకు నిద్రేం పడుతుంది?"

నేను కట్టు విప్పబోతే వద్దన్నారు. పంతం మాటకొస్తే సార్ నన్ను మించినవారు.

చలి వెనకబడుతుండగా, అల్వాల్‌నుంచి హదస్సా అనే నర్సు వచ్చింది. వాళ్ళమ్మ మంచాన పడి చాలా రోజులైందని, రాత్రిళ్ళు నిద్రలేక అల్లాడుతోందని, కొత్త పరుపు కావాలని అంది. తూకానికి తూకమే. డ్యూటీ దిగి, ఇంట్లోంచి పాత పరుపు ఆటోలో వేసుకుని వచ్చింది, మళ్ళీ రావడం కష్టమని దుకాణంలోనే కూర్చుంది. కింద తలుపులోంచి దూది తీసి మిషన్ మీద వేశాం. కొంతసేపటికి హదస్సా తల ఎత్తి, "ఏదో మంచి వాసన వస్తుంది కదా అక్కా" అంది.

నేను తట్టలోకి చూశాను. సన్నటి గోధుమరంగు వేరు ముక్కలు, చిటికెడు. మిషన్ ఆపేశాను. సార్‌కి ఫోన్ చేశాను.

సార్ ఆటోలో వచ్చారు. ఎవరితోనూ మాట్లాడకుండా ఏకిన దూది రెండు చేతులా ఎత్తి ముఖానికి ఆనించుకున్నారు. ఏడ్చారు. సుబ్బులు గారు పోయిన రోజున కూడా ఆయన అలా ఏడవడం నేను చూడలేదు. హదస్సాకి సంగతేమిటో నాన్న నెమ్మదిగా చెప్పాడు. ఆ పిల్ల వెంటనే లేచి నిలబడింది.

"మీరు తీసుకోండి సార్. మాకు వేరేది కుడతారు."

"మల్ల గంతే తూకం తీస్త సార్" అన్నాడు నాన్న. "ఇది మీరు తీస్కపోండ్రి."

నేను గోనె సంచి తెచ్చాను కూడా. సార్ దూది వంకే చూస్తున్నారు.

"ఇందులో సుబ్బులుది ఎంత ఉంటుందమ్మా?"

"చెప్పలేను సార్. పిడికెడు ఉండొచ్చు, సగం ఉండొచ్చు."

"మిగతాది?"

"ఎంత మందిదో."

"ఇంతకు ముందు వెళ్ళిన పరుపుల్లో కూడా కొంత వెళ్ళిపోయి ఉంటుంది. వాసన రాలేదు, అంతే." చేతుల్లోని దూది మళ్ళీ మిషన్ మీద పెట్టారు. తరవాత అన్నారు, "మరి మా ఇంట్లో గోడకి నిలబెట్టింది ఎవరిదమ్మాయ్?"

నేను వెనక గది వైపు చూపించాను.

"అదీ ఎవరో ఒకరిదేగా. ఎవరో దాని మీద పడుకుని ఉంటారు, జబ్బు పడి ఉంటారు, పోయి ఉంటారు. వాళ్ళ కోసం కూడా ఎవరో వెతుక్కుంటూ ఉంటారేమో. నేను తాడేసి కట్టి గోడకి నిలబెట్టాను." సార్ నా వైపు చూశారు. "నా దూది నాది అనుకున్నాను గానీ, వాళ్ళ దూది వాళ్ళదని తోచలేదు, చూడు."

గోనె సంచి నా చేతిలోంచి తీసుకుని మడత పెట్టి పక్కన పెట్టారు. హదస్సా వైపు తిరిగారు.

"మీ అమ్మగారికేనామ్మా పరుపు?"

"అవును సార్."

"అయితే కానివ్వండి. మంచి పరుపు ఇంటికొచ్చినవాళ్ళకి పరవడం మా ఆవిడ అలవాటు. ఇప్పుడు నేను అడ్డం పడితే ఊరుకోదు." నాన్నని అడిగారు, "వీరయ్యా, స్టూలు ఒకసారి ఇస్తావా?"

నాన్న స్టూలు తుడిచి వేశాడు. సార్ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకోలేదు. సొంతదారు కూర్చున్నట్టే కూర్చుని, ఆ దూదంతా ఏకడం అయ్యేదాకా, కొత్త గుడ్డలో కుట్టి హదస్సాతో పాటు ఆటో ఎక్కించేదాకా కదలలేదు. తట్టలో రాలిన వేరు ముక్కలు నేను కాగితంలో పొట్లం కట్టి ఇవ్వబోతే, అవి కూడా పరుపులోనే వేసి కుట్టమన్నారు.

తరవాతి శనివారం సార్ రాలేదు. నాకు మనసు మనసులో లేదు. మోకాళ్ళు మరీ పట్టేశాయో, జ్వరమో అని పరేషాన్ అయ్యాను. దుకాణం నాన్నకి ఒప్పజెప్పి వెళదామనుకుంటుంటే, సోమవారం పొద్దున ఆయనే వచ్చారు. చెప్పులు రెండూ ఒకటే రకం. గుమ్మంలో నిలబడి ఏమన్నా రాలిందా అని అడగలేదు.

"శనివారం రాలేదేంది సార్?"

"నిద్రపోయాను. లేచేసరికి బాగా పొద్దెక్కింది."

"పరుపు మీదనేనా?"

తలూపారు. చాయ్ గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, వెనక గది తలుపు వైపు చూస్తూ అన్నారు.

"ఎవరో గానీ, మంచివాళ్ళేనమ్మా."